మాటే మందుగా: ఇస్లామీయ వైద్య చరిత్రలో మనోవేదనకు చికిత్స

హిజ్రీ 488వ సంవత్సరం, రజబ్ మాసం. క్రీస్తు శకం లెక్కన 1095 వేసవి. బాగ్దాదులోని నిజామియా విద్యాపీఠంలో ఇమామ్ అబూ హామిద్ గజ్జాలీ (రహ్మ) పాఠం చెప్పబోయి చెప్పలేకపోయారు. ఎదుట మూడు వందల మంది విద్యార్థులు కూర్చుని ఉన్నారు. నాలుక మాత్రం కదలలేదు. క్రమంగా ఆకలి నశించింది. గుటకెడు నీరు దిగడం కూడా కష్టమైంది. వైద్యులు వచ్చి పరీక్షించారు. ఈ వ్యాధి హృదయంలో పుట్టి అక్కడి నుంచి శరీరానికి పాకిందనీ, లోపలి వేదన తీరేంత వరకు మందులతో పనిలేదనీ వారు తేల్చారు. ఈ వృత్తాంతాన్ని ఇమామ్ గారే తమ ‘అల్ మున్ఖిజ్ మినద్దలాల్’ గ్రంథంలో స్వయంగా రాసుకున్నారు.

ఇందులో రెండు విషయాలు గమనార్హం. ఆనాటి ముస్లిం ప్రపంచంలో అగ్రగణ్యుడైన పండితుడు తన మనోవేదనను దాచుకోలేదు. భావితరాల వారు చదివేటట్లు గ్రంథస్థం చేశారు. రెండవది, ఆయనకు చికిత్స చేయవచ్చిన హకీములు మూలికల పెట్టె తెరిచి తమకు తెలియనిది తెలిసినట్లు నటించలేదు. మనసు వేరు, శరీరం వేరు అయినా ఒకదాని బాధ మరొకదానికి సోకుతుందని వారికి తెలుసు. ఆ తెలివి ఒక్కనాటిది కాదు. దాని వెనుక రెండు శతాబ్దాలకు పైబడిన గ్రంథరచన ఉంది, ఆసుపత్రుల అనుభవం ఉంది.

నేడు ముస్లిం కుటుంబాల్లో ఎవరైనా నిద్రాహారాలు మాని మౌనంగా మూలన కూర్చుంటే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. విశ్వాసం బలహీనపడిందనేది ఒకటి, గాలి సోకిందనేది మరొకటి. ఆధునిక మానసిక చికిత్స పాశ్చాత్యుల సరుకు అని దాన్ని దూరం పెట్టేవారు కొందరైతే, అందులో ఉన్నదంతా మన పెద్దలు ఎప్పుడో చెప్పేశారని తృప్తిపడేవారు మరికొందరు. చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయాల్లో ఏదీ పూర్తిగా నిలవదు.

మూలాల్లో మంచిమాట

వైద్య గ్రంథాలు పుట్టక ముందే ముస్లిం సమాజానికి ఈ విషయంలో ఒక దిశ లభించింది. వివేచన చాలనివారి ఆస్తిని సంరక్షించే బాధ్యతను గురించి దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 5వ ఆయతు మాట్లాడుతుంది. వారికి తిండి పెట్టమని, బట్టలివ్వమని చెప్పి అది ఊరుకోలేదు. వారితో మంచిమాట మాట్లాడమని కూడా ఆదేశించింది. అంటే బుద్ధి బలం తక్కువైన మనిషికి అన్నవస్త్రాలతో పాటు ఆదరణతో కూడిన మాట కూడా హక్కుగా లభించింది.

రోగిని పరామర్శించడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ముస్లింకు ముస్లింపై ఉండే హక్కుల్లో ఒకటిగా పేర్కొన్నారు. ఇంట్లో మరణం సంభవించినప్పుడు గుమిగూడిన స్త్రీలు వెళ్ళిపోయిన తరువాత దుఃఖంలో ఉన్న ఇంటివారికి హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా అనే జావ కాయించి పెట్టించేవారని సహీహ్ బుఖారీలో ఉంది. అది రోగి గుండెకు ఊరటనిస్తుందనీ, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందనీ దైవప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు. శోకంలో ఉన్నవారిని సహనం వహించండని హెచ్చరించి వదిలేయకుండా, వారి పక్కన కూర్చుని ఏదో ఒకటి తినిపించే సంప్రదాయం అలా ఏర్పడింది. తోటి విశ్వాసి లోపాన్ని కప్పి ఉంచినవారి లోపాన్ని అల్లాహ్ కప్పి ఉంచుతాడన్న ప్రవక్త బోధ కూడా ఇక్కడ స్మరణీయం. ఎదుటివాడు తన గుట్టు కాపాడతాడన్న నమ్మకం లేనిదే ఎవరూ మనసు విప్పరు కదా.

బల్ఖ్ పండితుని గ్రంథం

అబ్బాసీయుల కాలంలో తత్త్వవేత్త అల్ కిందీ దుఃఖాన్ని పోగొట్టుకొనే ఉపాయాలను గురించి ఒక లేఖా గ్రంథం రాశాడు. ఒక మిత్రుడు కోరగా రాసిన లేఖ అది. ఈ శాస్త్రంలోని తొలి రచనల్లో ఒకటి స్నేహితుడికి రాసిన ఉత్తరం రూపంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. కిందీ సంప్రదాయంలో ఇరాఖులో చదువుకున్న వాడే అబూ జైద్ అల్ బల్ఖీ. ఇతడు బల్ఖ్ ప్రాంతంలోని ఒక గ్రామంలో క్రీ.శ. 850 ప్రాంతాల్లో జన్మించి 934లో మరణించాడు. తండ్రి బడిపంతులు. అబూ జైద్ భూగోళ శాస్త్రంలో ఒక పరంపరకే ఆద్యుడని చరిత్రకారులు గుర్తించారు. అయితే అతని ‘మసాలిహుల్ అబ్‌దాన్ వల్ అన్‌ఫుస్’ అనే గ్రంథం చిరకాలం మరుగున పడి ఉండిపోయింది. ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా సంపుటాల్లో ఉన్న రాతప్రతిని ఫుఆద్ సెజ్గిన్ 1984లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి యథాతథంగా అచ్చువేయించారు. సూడాన్ దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త మాలిక్ బద్రీ అందులో మనసుకు సంబంధించిన భాగాన్ని ఆంగ్లంలోకి అనువదించి 2013లో ప్రకటించారు.

గ్రంథం పేరుకు ‘శరీరాలకూ ఆత్మలకూ మేలు చేసేవి’ అని అర్థం. మొదటి భాగం శరీరారోగ్యాన్ని గురించినది. రెండవ భాగంలోని ఎనిమిది అధ్యాయాలు మనసును గురించినవి. శరీరానికి ఏళ్ళ తరబడి రోగం రాకుండా ఉండవచ్చు గాని, కోపమో దిగులో భయమో తాకని మనసు మాత్రం ఉండదనీ, అయినా వైద్యులు శరీరాన్నే పట్టించుకొని మనసును వదిలేస్తున్నారనీ బల్ఖీ వాదించాడు. మనోబాధలను అతడు ప్రధానంగా నాలుగు తెగలుగా విభజించాడు: కోపం, భయం, దుఃఖం, వస్వాసు అనే వదలని ఆలోచనలు. వీటిలో దేనినీ పాపంగా గాని, దయ్యం పనిగా గాని తీసిపారేయకుండా ఒక్కొక్కదానికీ లక్షణాలు, కారణాలు, ఉపాయాలు వివరించాడు.

దుఃఖాన్ని గురించిన అతని విభజన మరీ విలువైనది. ఆత్మీయుల మరణం, ఆస్తినష్టం వంటి తెలిసిన కారణంతో కలిగే దుఃఖం ఒకటి. కారణమేమిటో రోగికే తెలియకుండా కమ్ముకొనే దుఃఖం రెండవది. ఈ రెండవదాని మూలం శరీరంలోనే ఉందనీ, రక్తంలోని వికారం దానికి హేతువనీ అతడు భావించాడు. ఆ కాలపు శరీర శాస్త్రం నేడు చెల్లదు. కాని కారణం లేని దిగులుతో కుమిలిపోయేవాడిని నిందించడంలో అర్థం లేదన్న తాత్పర్యం మాత్రం చెల్లుతుంది. మొదటి రకానికి ఆలోచనను సరిదిద్దే మాటలు, రెండవ రకానికి దేహ చికిత్సతో పాటు ఉల్లాసం కలిగించే సాంగత్యం అతడు సూచించాడు.

చికిత్సలో లోపలిదీ వెలుపలిదీ అని రెండు మార్గాలున్నాయంటాడు బల్ఖీ. మనిషి తన మనసుకు తానే చెప్పుకొనే హితవు లోపలిది. జాగ్రత్తపరుడు ఆపద సమయానికి పనికి వచ్చే మందులు ముందే ఇంట్లో పెట్టుకున్నట్లు, మనసు కుదురుగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను కూడబెట్టుకోవాలని అతని సలహా. మరొకరు చెప్పే మాట వెలుపలిది. బాధలో మునిగినవాడి ఆలోచన బాధతోనే కలిసిపోయి ఉంటుంది. కనుక తన మాట తనకు పట్టదు. ఇతరుల మాట పడుతుంది. వైద్యుడైనా తనకు జబ్బు చేస్తే మరో వైద్యుణ్ణి పిలుచుకుంటాడు కదా! వస్వాసుతో బాధపడేవారు ఏకాంతాన్ని విడిచి నలుగురిలో ఉండాలని కూడా అతడు గట్టిగా చెప్పాడు. ఒక్కొక్కరి మనసు ఎంత బరువు మోయగలదో ఎరిగి ఆ మేరకే దానిపై భారం వేసుకోవాలన్నది అతని మరో సూత్రం.

స్నేహితుడు, గురువు, వైద్యుడు

బల్ఖీకి సమకాలికుడు, రయ్, బాగ్దాదు ఆసుపత్రులకు అధిపతిగా పనిచేసిన అబూబకర్ ముహమ్మద్ ఇబ్ను జకరియా అల్ రాజీ ‘అత్తిబ్బుర్రూహానీ’ అనే ఇరవై అధ్యాయాల గ్రంథం రాశాడు. అందులో ఒక అధ్యాయం మనిషి తన లోపాలను తాను తెలుసుకోవడం ఎలాగన్నదే. తన లోపం తనకు కనిపించదు గనుక వివేకవంతుడైన మిత్రుణ్ణి ఎంచుకొని, దాపరికం లేకుండా చెప్పమని బ్రతిమాలుకోవాలని, చెప్పినప్పుడు ముఖం చిట్లించకుండా కృతజ్ఞత చూపాలని రాజీ ఉపదేశం. ఇందులో యవన వైద్యుడు గాలెన్ ప్రభావం ఉంది. రాజీ దాన్ని దాచలేదు. రోగి బాగుపడతాడన్న నమ్మకం తనకు పూర్తిగా లేకపోయినా వైద్యుడు రోగికి ఆశ కలిగించాలనీ, దేహస్థితి మనఃస్థితిని అనుసరిస్తుందనీ అతడు చెప్పినట్లు వైద్య చరిత్రకారులు నమోదు చేశారు.

ఇమామ్ గజ్జాలీ బాగ్దాదు విడిచి వెళ్ళిన తరువాత రచించిన ‘ఇహ్యాఉ ఉలూమిద్దీన్’లో ఇదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. తన లోపాలు తెలుసుకోవడానికి ఆయన నాలుగు దారులు చూపారు: మనసు లోతులెరిగిన గురువు, సత్యవంతుడైన మిత్రుడు, శత్రువు నాలుక, జనంతో కలిసిమెలిసి ఉండటం. నాలుగూ మరొక మనిషితో ముడిపడినవేనని గమనించాలి. గురువు శిష్యులందరికీ ఒకే సాధన విధించరాదని కూడా ఆయన హెచ్చరించారు. రోగులందరికీ ఒకే మందు ఇచ్చే వైద్యుడు వారిలో చాలామందిని చంపుతాడు. అలాగే శిష్యుని వయసు, స్వభావం, శక్తి, రోగం చూడని గురువు వారి హృదయాలను చంపుతాడు.

ఇబ్ను సీనా (980–1037) ‘ఖానూన్’లో ప్రేమవ్యాధిని మనోరోగాల జాబితాలో చేర్చి, రోగి దాచిన పేరును నాడి ద్వారా కనిపెట్టే పద్ధతిని వివరించాడు. నాడి పట్టుకొని పేర్లు చెబుతూ పోతే ఏ పేరు దగ్గర నాడి తడబడుతుందో అదే రోగమూలం. పన్నెండవ శతాబ్దంలో నిజామీ అరూజీ రచించిన ‘చహార్ మఖాలా’లో ఇబ్ను సీనాను గురించిన మరొక కథ ప్రసిద్ధమైంది. తాను ఆవునని భ్రమించి, కోసి వండమని అరుస్తూ తిండి మానేసిన ఒక రాజకుమారుని వద్దకు ఇబ్ను సీనా కసాయి వేషంలో వెళ్ళాడట. తడిమి చూసి, ఈ ఆవు బక్కచిక్కి ఉంది, ముందు మేపి బలిపించండి అన్నాడట. రాకుమారుడు తినసాగాడు, ఆహారంతో పాటు మందూ లోపలికి వెళ్ళింది. ఇది కథే గాని చరిత్ర అనలేము. అయినా ఆ కాలపు పాఠకులు మంచి వైద్యుణ్ణి ఎలా ఊహించుకున్నారో ఇది తెలుపుతుంది. రోగి లోకాన్ని వెక్కిరించకుండా, వాదించకుండా, ముందు ఆ లోకంలోకి ప్రవేశించినవాడే వారి దృష్టిలో హకీము. మౌలానా రూమీ ‘మస్నవీ’లోని మొదటి కథలోనూ వైద్యుడు ఇల్లంతా ఖాళీ చేయించి, చాటున వినేవారెవరూ లేకుండా చూసుకొని, ఆ తరువాతనే రోగిణిని ఆమె ఊరి సంగతులు మెల్లగా అడుగుతాడు.

దారుష్షిఫాలు: వెలుగూ చీకటీ

గ్రంథాల్లోని ఈ అవగాహన ఆసుపత్రులకు ఎంతవరకు చేరింది? నూరుద్దీన్ జంగీ 1154లో దమాస్కసులోను, సుల్తాన్ ఖలావూన్ 1284లో కైరోలోను నెలకొల్పిన బీమారిస్తాన్లలో మనోరోగులకు ప్రత్యేక విభాగాలుండేవి. అలెప్పోలో 1354లో వెలసిన అర్గూన్ బీమారిస్తాన్‌లో వారి గదులు, నడుమ నీటి కొలను గల ముంగిళ్ళు నేటికీ గుర్తించవచ్చు. సుల్తాన్ రెండవ బాయజీద్ ఎదిర్నెలో కట్టించి 1488లో పూర్తిచేసిన దారుష్షిఫాలో వారానికి మూడు రోజులు గాయకులు, వాద్యకారులు వచ్చి రోగులకు వినిపించేవారని పదిహేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు. వీటిలో చాలావాటికి వక్ఫ్ ఆస్తులే ఆధారం. దక్కనులో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కొత్తగా వెలసిన హైదరాబాదులో 1595 ప్రాంతాల్లో వైద్యశాల, వైద్య విద్యాలయం కలిపి కట్టించిన దారుష్షిఫా ఈ పరంపరలోనిదే. ఆ పేటకు నేటికీ అదే పేరు.

అయితే చరిత్రలో నచ్చిన సగమే చెప్పడం న్యాయం కాదు. 1183–84లో కైరో, దమాస్కసు నగరాలు చూసిన అందులూసియా యాత్రికుడు ఇబ్ను జుబైర్, కైరోలో మనోరోగుల గదులకు ఇనుప ఊచల కిటికీలున్నాయనీ, వారి యోగక్షేమాలు ప్రతిదినం విచారించేవారున్నారనీ రాశాడు. దమాస్కసులో అలాంటి రోగులు గొలుసులతో కట్టబడి ఉండటం కూడా చూశాడు. అంటే ఒకే నాగరికతలో, ఒకే కాలంలో, గొలుసూ ఉంది, గొలుసు పక్కన నిలబడి యోగక్షేమం అడిగే మనిషీ ఉన్నాడు. ఈ రెండింటిలో ఏది వారసత్వంగా స్వీకరించాలన్నది తరువాతి తరాల చేతిలో మిగిలిన ప్రశ్న.

ఇరవయ్యవ శతాబ్దంలో మానవీయ చికిత్స

అమెరికాలో కార్ల్ రోజర్స్ (1902–1987) క్రైస్తవ మత విద్యాలయంలో చేరి, దాన్ని విడిచి మనస్తత్వ శాస్త్రానికి వచ్చాడు. 1928 నుంచి పన్నెండేళ్ళు రోచెస్టర్ నగరంలో సమస్యల్లో చిక్కుకున్న పిల్లలతో పనిచేశాడు. అక్కడ జరిగిన ఒక సంఘటన తన దారి మార్చిందని అతడే తరువాత రాశాడు. అల్లరి పిల్లవాని తల్లికి, లోపం ఆమె పెంపకంలోనే ఉందని ఎన్ని విధాల వివరించినా ఫలించలేదు. చివరకు ప్రయత్నం మానుకుందామని ఇద్దరూ అంగీకరించారు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి వెనుదిరిగి, పెద్దవాళ్ళను కూడా చూస్తారా అని అడిగింది. మళ్ళీ కూర్చుని తన సంసారంలోని కష్టాన్ని తానే చెప్పుకుపోయింది. అసలు చికిత్స అప్పుడు మొదలైంది. గాయం ఎక్కడుందో గాయపడినవారికే తెలుసుననీ, చికిత్సకుడు తన తెలివి ప్రదర్శించడం మాని వారి వెంట నడవాలనీ రోజర్స్ గ్రహించాడు.

1942లో వెలువడిన తన గ్రంథంలో అతడు ‘రోగి’ అన్న మాటకు బదులు ‘క్లయింటు’ అన్న మాట వాడాడు. ఒక చికిత్స ఆసాంతం రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా అందులో అచ్చువేశాడు. మూసిన తలుపుల వెనుక జరిగే పనిని పరిశోధనకు తెరిచిపెట్టిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. 1957లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చికిత్సకునికి ఉండవలసిన మూడు గుణాలను పేర్కొన్నాడు: లోపలొకటి బయటొకటి లేని నిజాయితీ, షరతులు లేని ఆదరణ, ఎదుటివాని బాధను అతని కళ్ళతో చూడగల సానుభూతి. సలహాలు, వ్యాఖ్యానాల కన్న ఈ సంబంధమే మనిషిని మారుస్తుందని అతని సిద్ధాంతం.

తరువాతి పరిశోధనలు దీన్ని కొంత బలపరచాయి, కొంత సవరించాయి. చికిత్స ఏ పద్ధతిదైనా చికిత్సకునికీ వచ్చినవారికీ మధ్య కుదిరే విశ్వాసం ఫలితంతో ముడిపడి ఉంటుందని పదేపదే తేలింది. అయితే విస్కాన్సిన్‌లో తీవ్ర మనోరోగులపై రోజర్స్ బృందమే చేసిన ప్రయత్నంలో ఆశించినంత ఫలితం రాలేదు. మాటతో తీరే బాధ ఒకటి, దేహానికి కూడా వైద్యం కావలసిన బాధ మరొకటి ఉన్నాయన్న బల్ఖీ విభజన ఇక్కడ గుర్తుకు రాక మానదు.

సామ్యం, భేదం

రెండు సంప్రదాయాలూ కలిసేచోటు స్పష్టమే. బాధపడేవాడు ఒంటరిగా బాగుపడడు. మరొక మనిషి నిజాయితీ, ఆదరణ, గుట్టు కాపాడే గుణం అతనికి మందు. అందరికీ ఒకే మందు పనికిరాదు.

విడిపోయేచోటు కూడా అంతే స్పష్టం. రోజర్స్ దృష్టిలో మనిషి అంతరంగమే అతనికి తుది ప్రమాణం. ఇస్లాం మనిషిలో నిర్మలమైన ఫిత్రత్ ఉందంటుంది. దానితోపాటు చెడుకు పురికొల్పే నఫ్సె అమ్మారా, తన్ను తాను నిలదీసుకొనే నఫ్సె లవ్వామా, ప్రశాంతి పొందిన నఫ్సె ముత్మయిన్నా గురించి కూడా ఖుర్ఆన్ ప్రస్తావిస్తుంది. కోరికలన్నీ ఆదేశాలు కావు. కాబట్టి ఈ సంప్రదాయంలో హితబోధకు చోటుంది. 1957లోనే యూదు తత్త్వవేత్త మార్టిన్ బూబర్ రోజర్స్‌తో బహిరంగ సంభాషణలో, సహాయం కోరి వచ్చినవానికీ సహాయం చేసేవానికీ మధ్య పూర్తి సమానత్వం సాధ్యం కాదని వాదించాడు. గురుశిష్య సంబంధం ఎరిగిన ముస్లిం పాఠకునికి ఆ వాదం పరిచితంగానే తోస్తుంది.

కాని ఒక లోటును ఒప్పుకోక తప్పదు. పూర్వ గ్రంథాల్లో ఆ ఆదరణ ఎక్కువగా రాజకుమారులకు, విద్యావంతులకు, షేఖ్ చెంతకు చేరగల శిష్యులకు దక్కింది. సాధారణ గృహిణి, కూలీ మనిషి కూడా ఒక గంటసేపు ఎవరి తీర్పుకూ గురికాకుండా తన బాధ చెప్పుకోవచ్చునన్నది ఒక వృత్తిగా, శిక్షణగా, పరీక్షకు నిలిచే శాస్త్రంగా రూపొందింది ఇరవయ్యవ శతాబ్దంలోనే. హితబోధ పేరుతో వినడమే మానేస్తే అది బల్ఖీ వారసత్వమూ కాదు, గజ్జాలీ వారసత్వమూ కాదు. రోగాన్ని చూడకముందే మందు రాసే వైద్యుణ్ణి ఇమామ్ ఏమన్నారో పైన చూశాము.

మాలిక్ బద్రీ 1979లో ప్రచురించిన గ్రంథంలో, పాశ్చాత్య సిద్ధాంతాలను గుడ్డిగా అనుసరించే ముస్లిం మనస్తత్వ శాస్త్రవేత్తలను తీవ్రంగా విమర్శించారు. అయినా ఆయన ఆ శాస్త్రాన్ని వదిలిపెట్టలేదు. స్వయంగా రోగులకు చికిత్స చేస్తూ, మరోవైపు బల్ఖీని వెలికితెచ్చారు. 2021లో మరణించేవరకు ఆయన పాటించిన మార్గం ఎన్నుకొని తీసుకోవడం, ఎన్నుకొని విడవడం.

గొలుసు మిగిలిన చోట

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన మనోరోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పంటుకుంది. అక్కడివారు గొలుసులతో కట్టబడి ఉన్నందున పారిపోలేకపోయారు. 28 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిని అక్కడికి తెచ్చిన కుటుంబాల్లో వివిధ మతాలవారున్నారు. చాలామంది దైవకరుణను ఆశించే తెచ్చి ఉంటారు. దుఆ చేయించడంలో తప్పులేదు. మనిషిని కట్టివేయడంలో, అతనితో మాట్లాడటం మానేయడంలో తప్పుంది. 2018 మే నెలలో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మనోరోగులను గొలుసులతో బంధించడాన్ని భారతదేశంలో ఏ రూపంలోనూ నిషేధించింది.

చట్టం గొలుసును తీయించగలదు. పక్కన కూర్చునే మనిషిని మాత్రం పంపలేదు. ఆ మనిషిని సమాజమే తయారుచేసుకోవాలి. మస్జిదు ఇమాముకు మనోబాధ లక్షణాలు గుర్తించే పాటి శిక్షణ, అవసరమైనవారిని సందేహించకుండా వైద్యుని వద్దకు పంపే అలవాటు, వక్ఫ్ ఆదాయంలో మనోరోగుల కోసం ఒక భాగం, ఇంట్లో దిగులుతో ఉన్నవారిని మందలించే ముందు వారు చెప్పేది వినే ఓర్పు: వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టవలసినది కాదు. వివేచన చాలనివారితో మంచిమాట మాట్లాడమన్న ఆదేశం పద్నాలుగు శతాబ్దాల నాటిది. దాన్ని అమలుచేసే తీరును ప్రతి కాలం తన జ్ఞానంతో తాను నేర్చుకోవలసి ఉంటుంది.